గురుకులం పరువు, పిల్లల మౌనం

అరుణాచల్ ప్రదేశ్‌లోని యుపియా ప్రత్యేక పోక్సో న్యాయస్థానం 2024 సెప్టెంబరులో ఒక హాస్టల్ వార్డెన్‌కు మరణశిక్ష విధించింది. షి యోమి జిల్లా కారో గ్రామంలోని ప్రభుత్వ వసతి పాఠశాలలో 2019 నుంచి 2022 వరకు 21 మంది పిల్లలపై అతడు లైంగిక దాడులకు పాల్పడ్డాడని కోర్టు నిర్ధారించింది. వారిలో 15 మంది బాలికలు, ఆరుగురు బాలురు. నేరానికి తోడ్పడిన మాజీ ప్రధానోపాధ్యాయుడికి, హిందీ ఉపాధ్యాయుడికి 20 ఏళ్ల చొప్పున జైలు శిక్ష పడింది. పిల్లలు తమ గోడు ఆ ప్రధానోపాధ్యాయుడికి చెప్పుకున్నారని, బడి పరువు పోతుంది, బయట చెప్పవద్దని ఆయన వారిని వారించాడని ప్రాసిక్యూషన్ అభియోగం. 2022 నవంబరులో ఒక కుటుంబం పోలీసులను ఆశ్రయించేదాకా ఆ మౌనం కొనసాగింది. మరుసటి ఏడాది నిందితుడికి బెయిలు కూడా దొరికింది. గౌహతి హైకోర్టు తనంత తానుగా జోక్యం చేసుకుంటే తప్ప అతడు తిరిగి జైలుకు వెళ్లలేదు.

మరణశిక్ష కావడంతో ఈ తీర్పు దేశమంతటా వార్త అయింది. అయితే శిక్ష ఎంత కఠినమైనదైనా ఒక ప్రశ్నకు అది జవాబు చెప్పదు. మూడేళ్లపాటు, ఇంతమంది పిల్లలకు, ఒక ప్రభుత్వ సంస్థ ఆవరణలో జరుగుతున్న ఘోరం ఆ సంస్థను నడిపే యంత్రాంగం కంట ఎందుకు పడలేదు? తనిఖీకి వెళ్లినవారు ఏమి చూశారు, ఏమి రాసుకొని వచ్చారు? నేరం చేసినవాడు, దానికి సహకరించినవారు బోనులో నిలబడ్డారు. ఆ నేరాన్ని అన్నేళ్లు సాగనిచ్చిన పర్యవేక్షణ వ్యవస్థ నిలబడలేదు. వేల సంఖ్యలో సంక్షేమ హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు ఉన్న తెలుగు రాష్ట్రాలు దీనిని ఎక్కడో ఈశాన్య కొండల్లోని ఉదంతంగా భావించి పక్కన పెట్టలేవు.

ఇది కులం ప్రశ్న ఎట్లా అవుతుందని కొందరు అడగవచ్చు. వసతి గృహాల్లో హింస అన్ని వర్గాల పిల్లలకూ ఎదురవుతున్నది. లక్షల రూపాయల ఫీజు వసూలు చేసే కార్పొరేట్ కళాశాలల హాస్టళ్లలో విద్యార్థుల ఆత్మహత్యలు మనం చూస్తూనే ఉన్నాం. అయితే ఫీజు కట్టిన తల్లిదండ్రులకు యాజమాన్యాన్ని నిలదీసే అవకాశం, బిడ్డను మరో బడికి మార్చే స్తోమత కొంతైనా ఉంటాయి. కూలి కోసం ఇటుక బట్టీలకు వలస పోయే దళిత కుటుంబానికి, పోడు మీద బతికే కోయ, గోండు, కొలాం కుటుంబానికి ఆ స్తోమత లేదు. ఆ బిడ్డకు హాస్టల్ అంటే పాఠాలు మాత్రమే కాదు. మూడు పూటల అన్నం, కప్పుకునే దుప్పటి, బాల్య వివాహం నుంచి, పని నుంచి రక్షణ. అక్కడి నుంచి వెళ్లిపోవడమంటే వీటన్నింటినీ వదులుకోవడం. నోరు విప్పితే ఏమి పోతుందో ఆ పిల్లలకు పెద్దలకంటే బాగా తెలుసు. బాలిక విషయంలో ఈ మూల్యం మరీ ఎక్కువ. సంగతి బయటపడిన మరునాడే టీసీ తీసుకుని ఇంటికి తీసుకుపోయే తండ్రి, ఏడాది తిరగకుండా పెళ్లి చేసే బంధువులు తాము ఆ పిల్లను కాపాడుతున్నామనే అనుకుంటారు. నేరం చేసినవాడు బదిలీపై మరో ఊరికి పోతాడు. చదువు పోగొట్టుకునేది మాత్రం ఫిర్యాదు చేసిన పిల్ల. హాస్టల్ హింసలో కులం పనిచేసే తీరు ఇదే. దాడి చేసిన వ్యక్తి ఏ కులం వాడన్న దానికంటే, ఏ కులం బిడ్డకు మౌనంగా ఉండటం తప్ప గత్యంతరం లేకుండా పోతున్నదన్నది ఇక్కడ ముఖ్యం.

ఈ మౌనం ఎంత విస్తృతమైనదో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. 13 రాష్ట్రాల్లో జరిగిన ఆ అధ్యయనంలో 53.22 శాతం మంది పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులను ఎదుర్కొన్నట్లు వెల్లడించారు. అత్యధిక శాతం నమోదైన నాలుగు రాష్ట్రాల్లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవారిలో దాదాపు సగం మంది పిల్లలకు తెలిసినవారు, వారు నమ్మినవారు. చాలామంది పిల్లలు ఆ విషయం ఎవరికీ చెప్పనేలేదు. ఇల్లు దగ్గర ఉన్న పిల్లల పరిస్థితే ఇదైతే, నెలకోసారి మాత్రమే తల్లి ముఖం చూసే హాస్టల్ పిల్లల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. హాస్టళ్లపై విమర్శ హాస్టళ్లను మూసివేయడానికి సాకు కాకూడదు. కొల్హాపూర్‌లో సాహూ మహారాజ్ వెనుకబడిన, అంటరాని కులాల విద్యార్థులకు వసతి గృహాలు తెరిచినా, బహిష్కృత హితకారిణి సభ తరఫున అంబేడ్కర్ 1925లో షోలాపూర్‌లో హాస్టల్ ప్రారంభించినా కారణం ఒక్కటే. ఊరిలో అంటరానితనం, ఇంట్లో ఆకలి ఉన్నచోట బడి ఒక్కటే ఉంటే చాలదు, తలదాచుకునే చోటు కూడా కావాలి. తెలుగు నేలపై 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్య, సాంఘిక సంక్షేమ శాఖ బాధ్యతల్లో ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారుల కృషి, 1980లలో విస్తరించిన సాంఘిక సంక్షేమ గురుకులాలు ఆ అవసరాన్ని ప్రభుత్వ బాధ్యతగా మార్చాయి. 2014 మే నెలలో 13 ఏళ్ల మలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం ఎక్కినప్పుడు దేశం చూసింది ఒక గురుకుల విద్యార్థినినే. నేడు తెలంగాణలో అన్ని వర్గాల గురుకులాలు కలిపి సుమారు వెయ్యి ఉన్నాయి. విశ్వవిద్యాలయ తరగతి గదుల్లో మొదటి తరం దళిత, ఆదివాసీ విద్యార్థులను పలకరిస్తే చాలామంది ఏదో ఒక హాస్టల్ పేరు చెబుతారు. పోరాడి సాధించుకున్న ఈ వ్యవస్థను కాపాడుకోవాలంటే దానిలో జరుగుతున్న దానిని దాచకూడదు. పరువు పేరిట దాచిన ప్రతి నేరం, ఈ వ్యవస్థే వద్దనేవారి చేతికి రేపు ఆయుధమవుతుంది.

చట్టాలకు మన దగ్గర కొరత లేదు. 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం, విద్యాసంస్థ సిబ్బంది పిల్లలపై జరిపే దాడిని తీవ్రతర నేరంగా పరిగణిస్తుంది. 2019 సవరణతో తీవ్రమైన దాడులకు కనీస శిక్ష 20 ఏళ్లకు, గరిష్ఠ శిక్ష మరణదండనకు పెరిగింది. సెక్షన్ 19 ప్రకారం నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థాధిపతికి సెక్షన్ 21 ఏడాది వరకు జైలు శిక్ష చెబుతున్నది. పిల్లలతో మెలగే ప్రతి ఉద్యోగి పూర్వాపరాలను నిర్ణీత కాలానికొకసారి పోలీసుల ద్వారా సరిచూడాలని 2020 నాటి నిబంధనలు ఆదేశిస్తున్నాయి. బాధిత బాలల సాక్ష్యాన్ని కోర్టు కేసు స్వీకరించిన 30 రోజుల్లో నమోదు చేయాలని, వీలైనంత వరకు ఏడాదిలో విచారణ ముగించాలని సెక్షన్ 35 చెబుతున్నది.

లోపం చట్టం అక్షరంలో కంటే దాని అమలు మార్గంలో ఉన్నది. నేరం గురించి పోలీసులకు చెప్పవలసిన బాధ్యత ఎవరిపై ఉన్నదో, అది బయటపడితే నష్టపోయేదీ వారే. ప్రిన్సిపాల్‌కు తన రికార్డు, జిల్లా సంక్షేమ అధికారికి తన పోస్టు, శాఖకు తన పేరు ముఖ్యం. అందుకే మొదట శాఖాపరమైన విచారణ అంటారు. ఒక కమిటీ వస్తుంది, పిల్లలను ఆ ఉద్యోగుల ఎదుటే ప్రశ్నిస్తుంది, నివేదిక ఇస్తుంది. సస్పెన్షన్, బదిలీ, లేదా ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి అయితే తొలగింపుతో ఫైలు మూతపడుతుంది. పోక్సో చట్టం ప్రకారం ముందు ఎఫ్ఐఆర్, తరువాతే మిగిలినవి. శాఖాపరమైన విచారణ ఎఫ్ఐఆర్‌కు ప్రత్యామ్నాయం కాదు. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. పిల్లలు మనసు విప్పి చెప్పుకునేది తరచూ కాంట్రాక్టు టీచరుకో, ఏఎన్ఎంకో, వంట మనిషికో. ఏటేటా రెన్యువల్ కోసం ఎదురుచూసే ఆ ఉద్యోగి ప్రిన్సిపాల్‌పై ఫిర్యాదు చేయాలంటే తన జీతాన్ని పణంగా పెట్టాలి. పిల్లల మౌనానికి సిబ్బంది అభద్రత తోడవుతున్నది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఈ పిల్లలకు అండగా ఉంటుందా? కొంతవరకే. నిందితుడు ఎస్సీ, ఎస్టీయేతరుడైతేనే ఆ చట్టంలోని సెక్షన్ 3 వర్తిస్తుంది. ఆశ్రమ పాఠశాల సిబ్బందిలో అదే సామాజిక వర్గాల వారు గణనీయంగా ఉంటారు కనుక చాలా సందర్భాల్లో ఆ తలుపు తెరుచుకోదు. వర్తించిన చోట కూడా నిరూపణ సులభం కాదు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన, పుట్టుకతో చూపులేని ఒక దళిత యువతిపై అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన పటాన్ జమాల్ వలి తీర్పు ఇందుకు ఉదాహరణ. కులం, లింగం, వైకల్యం ఒక్క మనిషి మీద ఒకేసారి ఎట్లా పనిచేస్తాయో ఆ తీర్పు ఎంతో లోతుగా వివరించింది. నిందితుడి జీవిత ఖైదును ఖాయం చేసింది. కానీ బాధితురాలి కులం కారణంగానే నేరం జరిగిందన్న రుజువు లేదంటూ అత్యాచారాల చట్టం కింద పడిన శిక్షను మాత్రం రద్దు చేసింది. బాధితురాలు ఎస్సీ లేదా ఎస్టీ అని నిందితుడికి తెలిసి ఉంటే చాలునన్న సవరణ 2016 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. ఈ కేసు అంతకు ముందుది. హాస్టల్‌లో పనిచేసేవారికి పిల్లల కులం తెలియదని చెప్పుకునే వీలు ఉండదు. ఎందుకంటే ప్రవేశ రిజిస్టరులోనే అది రాసి ఉంటుంది. అయినా ఈ సవరణను పోలీసులు తొలి ఎఫ్ఐఆర్‌లోనే ఉపయోగించాలంటే బాధిత కుటుంబం పక్షాన అడిగేవారు ఉండాలి. అదే చట్టంలోని 15ఏ సెక్షన్ బాధితులకు, సాక్షులకు విచారణ ప్రతి దశలో సమాచారం, రక్షణ, ప్రయాణ ఖర్చులు పొందే హక్కు ఇస్తున్నది. ఆ సెక్షన్ ఉన్నదని తెలిసిన తల్లిదండ్రులు ఎందరు?

ఇప్పటి పిల్లల సంగతి ఇట్లా ఉంటే, నిన్నటి పిల్లల సంగతి అసలు ఎవరికీ పట్టలేదు. 1980లలో, 90లలో హాస్టళ్లలో చదివి నేడు నడివయసులో ఉన్నవారిలో ఆనాటి గాయాన్ని ఎవరికీ చెప్పుకోలేకపోయినవారు ఉన్నారు. 2012కు ముందరి నేరాలకు పోక్సో వర్తించదు. నాటి శిక్షాస్మృతిలో సెక్షన్ 354 కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లే; అటువంటి నేరాలపై మూడేళ్లు దాటితే సాధారణంగా కోర్టు ఫిర్యాదును స్వీకరించదు. బాలురపై జరిగిన దాడులకైతే సెక్షన్ 377 తప్ప వేరే దారి లేదు. పోక్సో వచ్చిన తరువాతి నేరాలపై ఎప్పుడైనా ఫిర్యాదు చేయవచ్చని, కాలపరిమితి లేదని కేంద్రం 2018లో స్పష్టం చేసింది. మంచిదే. కానీ అంతకు ముందటి తరానికి చట్టం ఇవ్వగలిగింది స్వల్పం. వారికి కనీసం తమ మాట వినే ఒక వేదిక అయినా కావాలి.

అటువంటి వేదికను ఇతర దేశాల్లో బాధితులే సాధించుకున్నారు. కెనడాలో 19వ శతాబ్దం చివరి నుంచి 1990ల దాకా దాదాపు 1,50,000 మంది ఆదివాసీ పిల్లలు ప్రభుత్వ నిధులతో, చర్చిల నిర్వహణలో నడిచిన వసతి పాఠశాలల్లో పెరిగారు. ఆ పిల్లలను వారి భాషకు, సంస్కృతికి దూరం చేయడమే ఆ పాఠశాలల ఉద్దేశం. మనం అడిగి సాధించుకున్న గురుకులాలను వాటితో ఒకే గాటన కట్టలేము. అయితే అక్కడి బాధితులు నడిచిన దారి మనకు పనికివస్తుంది. 1990లో మానిటోబా ఆదివాసీ నాయకుడు ఫిల్ ఫాంటేన్ బాల్యంలో తాను అనుభవించిన హింస గురించి బహిరంగంగా మాట్లాడారు. ఆ తరువాత వేలాది మంది కోర్టుకెక్కారు. ఆ దావాల ఒత్తిడితోనే నష్టపరిహార ఒప్పందం కుదిరి 2007లో అమలులోకి వచ్చింది. 2008లో ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. సత్యం, సయోధ్య కమిషన్ 6,000కు పైగా వాంగ్మూలాలు నమోదు చేసి 2015లో 94 సిఫార్సులు చేసింది. న్యూజీలాండ్‌లో ప్రభుత్వ, మత సంస్థల సంరక్షణలో 1950 నుంచి 2019 వరకు దాదాపు రెండు లక్షల మంది హింసకు గురయ్యారని రాయల్ కమిషన్ 2024 జులైలో అంచనా వేసింది. వారిలో మావోరీ పిల్లల వాటా జనాభా నిష్పత్తిని మించి ఉన్నది. అదే ఏడాది నవంబరులో అక్కడి ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఈ రెండు చోట్లా బాధితులు దశాబ్దాలపాటు వెంటపడితే గానీ ప్రభుత్వాలు కదలలేదు.

పర్యవేక్షణ విషయంలో మన దేశంలోనే ఒక పాఠం ఉన్నది. బిహార్‌లోని ముజఫర్‌పుర్ బాలికల వసతి గృహంలో జరిగిన అకృత్యాలను ఏ ప్రభుత్వ తనిఖీ బయటపెట్టలేదు. టాటా సామాజిక విజ్ఞాన సంస్థ బృందం చేసిన సోషల్ ఆడిట్ 2018లో బయటపెట్టింది. 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. బయటివారు వచ్చి, సిబ్బందిని పక్కకు పంపి, పిల్లలతో ఓపికగా మాట్లాడటమే అక్కడ తేడా తెచ్చింది. సోషల్ ఆడిట్ తెలుగువారికి కొత్త కాదు. ఉపాధి హామీ పథకంలో దానిని ప్రభుత్వ వ్యవస్థలో భాగం చేసిన తొలి రాష్ట్రంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు పేరున్నది. మస్టరు రోల్‌లో దొంగ సంతకాలు పట్టుకోవడానికి ఊరూరా గ్రామసభ పెట్టగలిగిన మనం, పిల్లలు నిద్రపోయే గదుల భద్రతపై ఆ పని ఎందుకు చేయలేకపోతున్నాం?

ప్రస్తుతం హాస్టళ్లపై నిఘా చట్టపరంగా కూడా బలహీనంగానే ఉన్నది. అనాథ, నిరాశ్రయ బాలల సంరక్షణ గృహాలకు 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, తనిఖీ కమిటీలు ఉన్నాయి. సంక్షేమ శాఖలు నడిపే బడి హాస్టళ్లు సాధారణంగా ఆ చట్రం వెలుపలే ఉండిపోతున్నాయి. విద్యాసంస్థల హాస్టళ్ల కోసం జాతీయ బాలల హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన నియమావళి మార్గదర్శకం మాత్రమే. 2024లో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి ఆశ్రమ పాఠశాలలో కలుషితాహారం తిని అస్వస్థతకు గురైన ఒక ఆదివాసీ బాలిక ప్రాణాలు కోల్పోయినప్పుడు రాష్ట్రమంతా కదిలింది. మంత్రులు, కలెక్టర్లు హాస్టళ్ల బాట పట్టారు. పాడైన అన్నం ఆస్పత్రి రికార్డులో కనబడుతుంది. లైంగిక హింస ఏ రికార్డులోనూ కనబడదు. వంటగది దాకా వెళ్లి తిరిగివచ్చే తనిఖీ దానిని పసిగట్టలేదు.

అందుచేత తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. మొదటిది, అన్ని యాజమాన్యాల హాస్టళ్లలో ఏటా స్వతంత్ర సోషల్ ఆడిట్. ఆ బృందంలో సంక్షేమ శాఖ అధికారులు ఉండకూడదు. పూర్వ విద్యార్థులు, ఆదివాసీ, దళిత మహిళలు, పిల్లల మనస్తత్వం తెలిసినవారు ఉండాలి. పిల్లల గుర్తింపు వివరాలు లేకుండా నివేదికను శాసనసభ ముందుంచాలి. రెండవది, ఫిర్యాదు చేసిన పిల్లకు చదువు గ్యారంటీ. కోరుకున్న మరో గురుకులంలో వెంటనే సీటు, ఆ ఏడాది నష్టపోకుండా పరీక్షలు, పై చదువు దాకా ఉపకార వేతనం చట్టబద్ధ హక్కుగా ఉండాలి. మౌనానికి మూలకారణం చదువు పోతుందన్న భయమైతే, ఆ భయాన్ని తొలగించడమే మొదటి న్యాయం. మూడవది, నేరాన్ని బయటపెట్టిన కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి ఉద్యోగ భద్రత. దాచిన సంస్థాధిపతులపై సెక్షన్ 21 కింద కేసులు. ఎన్ని కేసులు పెట్టారో ఏటా ప్రకటించాలి. నాలుగవది, 2016లో హైదరాబాద్‌లో మొదలైన భరోసా కేంద్రం వంటి సేవలు ఏజెన్సీ ప్రాంతాల దాకా, గోండి, కోయ, సవర భాషలు మాట్లాడే కౌన్సెలర్లతో చేరాలి. తన భాషలో అడిగితే తప్ప ఏ పిల్లా ఈ సంగతి చెప్పదు. ఐదవది, గతంలో హింసకు గురైన పూర్వ విద్యార్థుల వాంగ్మూలాలను గోప్యంగా నమోదు చేసి, వైద్య సహాయం, పరిహారం సిఫార్సు చేసే విశ్రాంత న్యాయమూర్తి కమిషన్.

వీటిలో దేనికీ భారీ నిధులు అక్కరలేదు. కావలసింది ప్రభుత్వం తన స్థానాన్ని గుర్తించడం. తల్లిదండ్రులు బిడ్డను హాస్టల్ గేటు దగ్గర వదిలి వెనుదిరిగిన క్షణం నుంచి ఆ బిడ్డకు తల్లీ తండ్రీ ప్రభుత్వమే. నేరం జరిగినప్పుడు ఒక వార్డెన్‌ను, ఒక వాచ్‌మన్‌ను చూపించి ఆ బాధ్యత నుంచి తప్పుకోవడం కుదరదు. దళిత, ఆదివాసీ ఉద్యమాలకూ ఇందులో పాత్ర ఉన్నది. సీట్ల కోసం, మెస్ చార్జీల కోసం, సొంత భవనాల కోసం దశాబ్దాలుగా పోరాడిన సంఘాలు, లోపలి హింస విషయానికి వచ్చేసరికి మనవాళ్ల సంస్థ అన్న మొహమాటంతో వెనుకాడకూడదు. గురుకులం పరువు దాని ఫలితాల శాతంలోనే కాదు, అక్కడి చిన్న పిల్ల భయం లేకుండా నోరు విప్పగలగడంలోనూ ఉంటుంది. కారోలో పిల్లలు నోరు విప్పారు. వినవలసినవారు పరువు లెక్క చూసుకున్నారు. ఆ లెక్క మన హాస్టళ్లలో ఎక్కడెక్కడ నడుస్తున్నదో తేల్చే పని మరో కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగకూడదు.